రెండు మణుగుల ఊరు

పావు మిల్లీమీటరు కూడా లేని తేడాకి నేను ఒకసారి వాల్వు ఖరీదంతా జేబులోంచి పెట్టుకున్నాను. స్ప్లిట్ ఏసీ బయటి యూనిట్ పక్కన రెండు ఇత్తడి వాల్వులుంటాయి. మూత విప్పితే లోపల ఆరు పలకల గుంట. అందులో అలెన్ కీ పెట్టి తిప్పితే గ్యాసు పైపుల్లోకి వస్తుంది. నా దగ్గరున్న కీల సెట్టు అంగుళాలది. అంగుళాన్ని పదహారు భాగాలు చేసి మూడు తీసుకుంటే ఎంతో, అంత మందం కీ ఆ గుంటలో చక్కగా కూర్చుంది. తిప్పాను. మొదటిసారి కదిలింది. రెండోసారి కిర్రుమంది. మూడోసారి కీ ఊరికే గిర్రున తిరిగింది. పలకలన్నీ అరిగి గుంట గుండ్రమైపోయింది. అది అయిదు మిల్లీమీటర్ల గుంట. నా కీ 4.76.

బరంపురంలో ఫ్రిజ్జులూ ఏసీలూ బాగుచేస్తూ నాకు నలభై ఏళ్ళు దాటింది. ఈ నలభై ఏళ్ళలో నన్ను ఎక్కువ సతాయించింది కంప్రెసరూ కాదు, కరెంటూ కాదు. కొలత. గోడకి బిగించే ప్రతి యంత్రం మీదా ఒక భాష రాసి ఉంటుంది, నా చేతికి ఇంకో భాష వచ్చు.

కొలతల గొడవ మా ఊరికి కొత్తది కాదు. మా నాన్న పెద్ద బజారులో ఒక ధాన్యం కొట్లో గుమస్తా. ఆయన చిన్నప్పుడు ఊళ్ళో మణుగులు రెండు. మా గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కదా. మద్రాసు మణుగంటే ఎనిమిది వీశెలు, 25 పౌన్లు, ఇప్పటి లెక్కలో పదకొండు కిలోల మీద కొంచెం. కలకత్తా వైపు మణుగు 82 పౌన్ల పైచిలుకు, ముప్పై ఏడు కిలోలకి పైమాటే. జిల్లా ఒరిస్సాలో కలిసింది గానీ మనుషుల నోళ్ళు ఒక్కరోజులో మారతాయా? ఇచ్ఛాపురం నుంచి బండి కట్టుకొచ్చిన రైతు మణుగంటే ఒకటి, ఉత్తరం నుంచి వచ్చిన వ్యాపారి మణుగంటే అంతకి మూడింతలు. బేరం మొదలెట్టే ముందు ‘ఏ మణుగు?’ అని అడగని గుమస్తా ఆ సాయంత్రానికి మునిగిపోతాడని నాన్న అనేవారు.

తరవాత ఢిల్లీ వాళ్ళు 1956లో తూనికలు కొలతల చట్టం చేశారు. 1957 ఏప్రిల్ 1న నయా పైసా వచ్చింది. 1958 అక్టోబరు నుంచి కిలోలూ మీటర్లూ ఒక్కో చోట, ఒక్కో సరుకుకి మొదలై, నాలుగేళ్ళు తిరిగేసరికి దేశమంతా తప్పనిసరయ్యాయి. వీశె పోయింది. రెండు మణుగులూ పోయాయి. మల్లెపూలు మాత్రం ఈ రోజుకీ మూరల్లోనే అమ్ముతారు. ఆ మూర కూడా అమ్మే మనిషి మోచేతిని బట్టి ఉంటుంది.

చట్టం కొట్లోకి వచ్చింది, తూకపురాళ్ళ మీద ముద్ర వేసింది. మా పనిలోకి మాత్రం రాలేదు. నాకు పని నేర్పిన గురువుగారు ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసి వచ్చిన తెలుగాయన. ఆయన పెట్టెలో ఒకే ఒక్క పుస్తకం, అట్ట ఊడిపోయిన డోస్సాట్. రాయ్ డోస్సాట్ అనే అమెరికా ఆయన 1961లో రాసిన శీతల యంత్రాల పుస్తకం. అందులో వేడి బీటీయూల్లో, ఒత్తిడి పీఎస్‌ఐల్లో, చల్లదనం ఫారన్‌హీట్‌లో, పైపు అంగుళాల్లో. మాకు చదువు ఎక్కడినుంచి వచ్చిందో కొలతా అక్కడినుంచే వచ్చింది. కిలోల్లో బియ్యం కొని, లీటర్లలో పాలు పోయించుకుని, షాపుకొచ్చి పౌన్లలో పనిచేసేవాళ్ళం. ఎవరికీ వింతగా అనిపించలేదు.

బీటీయూ అంటే ఒక పౌను నీటిని ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడెక్కించే వేడి. ఒక అగ్గిపుల్ల మొదలంటా కాలితే వచ్చే వేడి దాదాపు అంత. గురువుగారు అలాగే చెప్పేవారు. ‘పన్నెండు వేల అగ్గిపుల్లలు గంటలో ఆర్పితే అది ఒక టన్ను ఏసీరా’ అని.

ఈ టన్ను సంగతి కొంచెం చెప్పాలి. ఏసీ కొనడానికి వచ్చినవాళ్ళలో సగం మంది అది యంత్రం బరువనుకుంటారు. ‘ఒకటిన్నర టన్నంటే మా గోడ ఆగుతుందా బాబూ?’ అని ఒక పెద్దావిడ నిజంగానే అడిగింది. యంత్రాలు రాకముందు చల్లదనమంటే ఐసుగడ్డే. అమెరికాలో చలికాలం చెరువులు గడ్డకడితే, ఆ గడ్డని రంపాలతో కోసి, రంపంపొట్టులో పొదిగి ఓడలకెక్కించేవారు. ఫ్రెడెరిక్ ట్యూడర్ అనే వ్యాపారి 1833లో బాస్టన్ నుంచి అలా కలకత్తాకి పంపాడు. నాలుగు నెలల ప్రయాణంలో కొంత కరిగిపోయినా, మిగిలినదాన్ని చూడ్డానికి జనం విరగబడ్డారు. మద్రాసు సముద్రపొడ్డున 1842లో ఆ ఐసు దాచడానికి కట్టిన గుండ్రటి మిద్దె ఇంకా ఉంది, ఇప్పుడు వివేకానంద భవనం. యంత్రం వచ్చాక దాని బలం ఎలా చెప్పాలి? జనానికి తెలిసిన లెక్కలోనే చెప్పారు: రోజుకి ఒక టన్ను ఐసు కరిగితే ఎంత చల్లదనమో అంత.

ఆ టన్ను మన వెయ్యి కిలోల టన్ను కాదు. ఇంగ్లండు టన్ను 2,240 పౌన్లు, అదీ కాదు. అమెరికా వాళ్ళ పొట్టి టన్ను, 2,000 పౌన్లు, 907 కిలోలు. పౌను ఐసు కరగడానికి 144 బీటీయూలు. రెండు వేలతో గుణించి, ఇరవై నాలుగు గంటలతో భాగిస్తే గంటకి 12,000. వాట్లలోకి మారిస్తే 3,517. మణుగులు రెండే, టన్నులు మూడు. మా నాన్న వినుంటే నవ్వేవారు.

మరి మన చట్టం ఉండగా ఈ అమెరికా టన్ను ఇంకా ఎందుకు బతికుంది? అమ్మకానికి అది హాయి కాబట్టి అని నా లెక్క. ఒకటి, ఒకటిన్నర, రెండు: ఎంత తేలిక! కానీ ఏసీకి అంటించే నక్షత్రాల స్టిక్కరు మీద, బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్ళు వేయించేదాని మీద, చల్లబరిచే శక్తి వాట్లలో ఉంటుంది. ఒకటిన్నర టన్ను అంటే లెక్క ప్రకారం 5,275 వాట్లు రావాలి. బజారులో ఆ పేరుతో అమ్మేవి చూడండి: 4,800 ఉన్నదీ ఒకటిన్నరే, 5,200 ఉన్నదీ ఒకటిన్నరే. నాలుగు వందల వాట్ల తేడా అంటే చిన్న గదిలో నలుగురు మనుషులు అదనంగా కూర్చున్నంత వేడి. నేను ఎవరికైనా ఏసీ ఎంచి పెట్టాల్సివస్తే పెట్టె మీద పెద్దక్షరాలు చూడను, ఆ స్టిక్కరు మీద వాట్లు చూస్తాను. మీరూ చూడండి, కళ్ళజోడు పెట్టుకునైనా.

మా చెల్లెలి కొడుకు అమెరికాలో ఉంటాడు. ఫోనులో ఒకసారి ‘మావయ్యా, మా ఏసీ రేటింగు 16, మన దగ్గర మంచివాటికి కూడా అయిదేనట, అంత నాసిరకమా?’ అన్నాడు. వాళ్ళు బీటీయూలని వాట్లతో భాగిస్తారు, మనం వాట్లని వాట్లతో భాగిస్తాం. వాళ్ళ అంకెని 3.412తో భాగిస్తే నాలుగున్నర దాటుతుంది, అంతే. పరీక్ష పెట్టే పద్ధతులు కూడా వేరు, కాబట్టి అదీ కచ్చితమైన పోలిక కాదు. వాడింట్లో మీట 75 మీద ఉంటుందట. నా గుండె ఒక్క క్షణం ఆగింది. ఫారన్‌హీట్‌లే, మన 24.

ఇక పైపు. రాగి పైపు కట్ట మీద 6.35, 9.52, 12.7, 15.88 అని మిల్లీమీటర్లుంటాయి. ఆ అంకెలు పలికే మెకానిక్‌ని నేను చూడలేదు. అవి పావు అంగుళం, మూడు బై ఎనిమిది, అర, అయిదు బై ఎనిమిదికి మిల్లీమీటర్ల చొక్కా తొడిగినవి. మేం సూతు అంటాం. అంగుళంలో ఎనిమిదో వంతు సూతు. ‘రెండు సూతులదీ నాలుగు సూతులదీ పట్టుకురా’ అంటే కుర్రాడు ఒకటిన్నర టన్ను ఏసీకి పైపులు పట్టుకొస్తాడు. సూత్ అంటే దారం కదా. పట్టుచీరలు నేసే ఊళ్ళో రాగి పైపుని దారంతో కొలవడం నాకు ఇష్టం. ఈ కొలత పోవాలని నేను కోరుకోను. దీనివల్ల నష్టమూ లేదు, ఎందుకంటే పైపు పుట్టింది అంగుళంలోనే.

నష్టం ఎక్కడంటే పైపు గోడ మందంలో. అది గేజిల్లో చెప్తారు, గేజి అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది. 22 గేజి అంటే 0.71 మిల్లీమీటర్లు, 21 అంటే 0.81. పాత గ్యాసు ఆర్22కి 22 గేజి సరిపోయేది. తరవాత వచ్చిన ఆర్410ఏ ఒత్తిడి దాదాపు ఒకటిన్నర రెట్లు. దాని కాగితం మీద కనీసం 0.8 మిల్లీమీటర్లు అని ఉంటుంది. గేజి అలవాటైన మనిషికి 22 కంటే 21 చిన్నది, కాబట్టి తక్కువరకమనిపిస్తుంది. మిల్లీమీటర్లలో చెప్తే ఆ భ్రమ ఉండదు. అర అంగుళం పైపు నట్టు కూడా మారింది, 24 పానా పట్టేచోట 26 పడుతుంది, ఎక్కువ ఒత్తిడిని తట్టుకునేందుకు.

నా అసలు తప్పు ఆ ఆర్410ఏ కొత్తగా వచ్చిన రోజుల్లోది. గోపాలపురంలో సముద్రానికి ఎదురుగా ఒక అతిథిగృహం. నాలుగు ఏసీలు బిగించాను. గ్యాసు వదిలేముందు పైపుల్లో నైట్రోజన్ నింపి, కారుతోందేమో చూడాలి. ఎంత నింపాలి? యూనిట్ వీపున 4.15 ఎంపీఏ అని ఉంది. అప్పటి నా గేజి మీద రెండు వలయాలు: బయట పీఎస్‌ఐ, లోపల కేజీ. కేజీ అంటే సెంటీమీటరు చదరం మీద కిలో బరువు. ఒక కేజీకి పద్నాలుగు పీఎస్‌ఐల పైన. 4.15 కనిపించగానే నా కన్ను లోపలి వలయంలో నాలుగు దాటిన గీత దగ్గర ఆగింది. అరవై పీఎస్‌ఐ. నింపాను, గంట చూశాను, ముల్లు కదల్లేదు. భేషుగ్గా ఉందని గ్యాసు వదిలాను.

ఎంపీఏ అంటే మెగా పాస్కల్. ఒక మెగా పాస్కల్ పది బార్లు, 145 పీఎస్‌ఐ. 4.15 అంటే ఆరు వందల పీఎస్‌ఐ! నేను పదో వంతుతో పరీక్ష పెట్టాను. మామూలుగా నడిచేటప్పుడే ఆ పైపులో అరవై కంటే చాలా ఎక్కువుంటుంది. పది రోజులకి రెండు ఏసీలు చల్లదనం తగ్గాయి. సబ్బునురగ రాసి చూస్తే నట్టు దగ్గర సూదిమొనంత బుడగ, పెరుగుతూ, పగులుతూ. ఆ అతిథిగృహం యజమాని ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ కాల్చింది. ఆ గ్యాసు ఖర్చు నాదే.

గాలి తీసే పనిలో మాత్రం నాకు తప్పు చేస్తున్నానని తెలియడానికి ఏళ్ళు పట్టింది. గ్యాసు నింపేముందు పైపుల్లో గాలీ తేమా లేకుండా పంపుతో లాగేయాలి. ఎంత లాగామో అంగుళాల పాదరసంలో చూసేవాళ్ళం. పూర్తి శూన్యం 29.92. ముల్లు 29 దాటితే ‘అయిపోయింది’ అనేవాళ్ళం. ఆ ముల్లు మందమే అర గీత. కొత్త కాగితాల్లో 500 మైక్రాన్లకి దించాలని ఉంటుంది. మైక్రాన్ అంటే పాదరసం మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంగుళానికి 25,400 మైక్రాన్లు. అంటే 29 అంగుళాల దగ్గర నేను ‘అయిపోయింది’ అన్నప్పుడు ఇంకా ఇరవై మూడు వేల మైక్రాన్లు మిగిలి ఉండేవి!

అది ఊరికే అంకెల గొడవ కాదు. పైపులో తేమ పోవాలంటే అది ఆవిరవ్వాలి. ఇరవై మూడు వేల మైక్రాన్ల దగ్గర నీళ్ళు ఇంచుమించు 25 డిగ్రీలకి మరుగుతాయి. మేలో, బరంపురం మిద్దె మీద పైపు చెయ్యి కాలేంత వేడిగా ఉంటే, నా 29 అంగుళాల పని ఎలాగో గట్టెక్కేది. డిసెంబరు పొద్దున పైపు పదిహేడు పద్దెనిమిది డిగ్రీల్లో ఉంటే నీటిచుక్క కదలకుండా లోపలే కూర్చునేది. చలికాలం బిగించిన యంత్రాలే వేసవిలో ఎక్కువ తిరిగి రావడం నేను గమనించాను గానీ, కంపెనీ సరుకు బాగాలేదని సర్ది చెప్పుకునేవాణ్ణి. మైక్రాన్ గేజి కొన్నాక తెలిసింది, బాగాలేనిది ఏదో.

ఫ్రిజ్జు వాళ్ళకి ఈ మార్పు ఇంకో దారిలో వచ్చింది. పాత ఆర్12 ఫ్రిజ్జుకి మేం తూకం వేసేవాళ్ళం కాదు. గ్యాసు కొంచెం కొంచెం వదులుతూ, చెయ్యి పెట్టి, మంచు ఎక్కడిదాకా పట్టిందో చూసి ఆపేవాళ్ళం. కొద్దిగా అటూఇటూ అయినా యంత్రం ఓర్చుకునేది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 200 కిలోమీటర్లు దాటి వీచింది. కరెంటు స్తంభాలు నేలకి ఒరిగాయి. కరెంటు తిరిగొచ్చాక నా షాపు ముందు ఫ్రిజ్జులు వరస కట్టాయి. వాటిలో కొన్నింటి వీపున ఆర్600ఏ అని కొత్త పేరు. పక్కనే చిన్న అంకె: 50 గ్రాములు, 45 గ్రాములు. ఆర్600ఏ అంటే ఐసోబ్యూటేను, వంటగ్యాసు చుట్టం, నిప్పంటుకుంటుంది. కంప్రెసరు దాన్ని లోపలికి లాక్కునే వైపు, అంటే సక్షన్ వైపు, ఒత్తిడి తరచు గాలి ఒత్తిడి కంటే కిందే ఉంటుంది, గేజి ముల్లు సున్నా దగ్గర తచ్చాడుతుంటే మనకేమీ తెలియదు. పది గ్రాములు ఎక్కువైతే అయిదో వంతు ఎక్కువైనట్టు. చెయ్యి పెట్టి, మంచు చూసి చేసే పని కాదు. కంసాలి కొట్లో ఉండేలాంటి తూకంయంత్రం కొనక తప్పలేదు. 1956 చట్టం చేయలేని పని ఆ నలభై అయిదు గ్రాముల గ్యాసు చేసింది. నా షాపులోకి గ్రాము అలా వచ్చింది.

ఇప్పుడు నా దగ్గర ఒక గుంటడు పనిచేస్తున్నాడు. హింజిలి నుంచి వస్తాడు, ఒడియావాడు, ఐటీఐ చదివాడు. నన్ను ‘మౌసా’ అంటాడు. మా ఇద్దరి మాటా సగం తెలుగు, సగం ఒడియా. వాడికి బార్లూ వాట్లూ నోటికొచ్చు, సూతులు నా దగ్గర నేర్చుకున్నాడు. నట్టు బిగించడానికి టార్క్ పానా కావాలని పోరు పెట్టి కొనిపించింది వాడే. మూడు సూతుల నట్టుకి 33 నుంచి 42 న్యూటన్ మీటర్లు, అంతకి మించితే రాగి పెదవి చీలుతుంది. నా చెయ్యి ఆగేదాకా బిగించడం నాకలవాటు. పానా పెట్టి చూస్తే నా చెయ్యి ఆగేది యాభై అయిదు దగ్గర.

వాడూ అన్నిట్లో గెలవడు. ఒకరోజు పాత ఇంగ్లీషు కాగితంలో ‘సూపర్‌హీట్ 10 డిగ్రీల ఫారన్‌హీట్’ అని చూశాడు. కాయిల్‌లో గ్యాసు ఆవిరైన వేడికీ, బయటికొచ్చే పైపు వేడికీ ఉండాల్సిన తేడా అది. వాడు బడిలో నేర్చుకున్న సూత్రం వేశాడు: ముప్పై రెండు తీసెయ్, అయిదుతో గుణించు, తొమ్మిదితో భాగించు. మైనస్ పన్నెండు వచ్చింది. ‘మౌసా, బయటికొచ్చే పైపు లోపలి కాయిల్ కంటే పన్నెండు డిగ్రీలు చల్లగా ఉండాలట’ అని ఆ మైనస్ పన్నెండు కోసం మధ్యాహ్నమంతా మల్లగుల్లాలు పడ్డాడు. అది వేడి కాదు, తేడా. తేడాకి ముప్పై రెండు తీయకూడదు, అయిదు బై తొమ్మిది ఒక్కటే చాలు. అయిదున్నర డిగ్రీలు. ‘ఇచ్ఛాపురం మైలురాయి మీద పలాస ఎంత దూరమో చూసి, బరంపురం నుంచి ఎంతో చెప్పగలవా?’ అన్నాను. తల గోక్కున్నాడు. ఈ పోలిక వాడికి ఎంత ఎక్కిందో గానీ, ఆ తప్పు మళ్ళీ చెయ్యలేదు.

పోయిన నెల వాడు నా ఇప్పటి గేజి బయటి వలయం మీద, పీఎస్‌ఐ అంకెలన్నీ మూసుకుపోయేలా, నల్ల టేపు అంటించాడు. ‘ఒక్క వారం చూడు మౌసా, బార్లలో అలవాటవుతుంది’ అన్నాడు. మొదటిరోజు ఒక ఆర్32 గ్యాసు ఏసీ దగ్గర నిలబడి లోపలి బార్ల వలయం చూశాను. ఎనిమిదిన్నర. ఎక్కువో తక్కువో మనసుకి తట్టలేదు. పద్నాలుగున్నరతో గుణించుకున్నాను, నూట ఇరవై మూడు, ఆ, బాగానే ఉంది. రెండోరోజూ అంతే. మూడోరోజు గుణించకుండా చూద్దామని పట్టుబట్టాను, అయిదు నిమిషాలు నిలబడి, చివరికి చెయ్యి చాపి సక్షన్ పైపు పట్టుకున్నాను. చల్లగా, చెమట పట్టి ఉంది. వాడు వెనకనుంచి చూస్తున్నాడని నాకు తెలీదు.

వారం దాటి మూడు వారాలైంది. టేపు అలాగే ఉంది. నూట ఇరవై దగ్గర మాత్రం అంచు కొంచెం లేచింది.